వదిన చేతుల్లో నా కాళ్లు

పంతొమ్మిది వందల యాభై నాలుగు శ్రావణంలో నాకు జబ్బు చేసింది. మరుసటి ఏడు ఉగాది దాటాక మళ్లీ పనిలో చేరాను. మధ్యలో జరిగింది రాసిపెట్టమని మా డాక్టరమ్మ చాలాసార్లు అడిగారు. ఇలాంటి జబ్బుతో వచ్చినవాళ్లకు చదివి వినిపిస్తే కాస్త ధైర్యంగా ఉంటుందని ఆమె ఉద్దేశం. ఆమె కోసం కొంత, నా మనసు కుదుటపడడానికి కొంత, ఇది రాస్తున్నాను.

నా పేరు సుబ్బరత్నం. మాది ఉదయగిరి. బజారువీధిలో మా అన్న వెంకటసుబ్బయ్యకు చిల్లరకొట్టు ఉంది. నాకు చిన్నతనంలోనే పెళ్లయింది. కాపురానికి పోకముందే భర్త పోయాడు. అమ్మానాయనలు కాలం చేశాక అన్న ఇంట్లోనే ఉండేదాన్ని. ఆత్మకూరు ఊరి బయట ఒక ధర్మాసుపత్రి ఉంది. అందులో కాళ్లూ చేతులూ పడిపోయినవాళ్ల కోసం పొడుగాటి గది ఒకటి కట్టించారు. అక్కడ పనికి మనుషులు కావాలని తెలిసి, ఉత్త చేతులతో ఇంట్లో కూర్చోలేక, నలభై ఎనిమిదిలో పోయి చేరాను. నేను నర్సును కాను. డాక్టరమ్మ చూపించినట్టు రోగుల కాళ్లూ చేతులూ వంచడం, చాచడం, నూనె రాసి మర్దన చేయడం, లేపి నిలబెట్టడం, నడిపించడం నా పని. అందరూ కసరత్తుల రత్నమ్మ అనేవాళ్లు.

నేను ఆ పనికి పోవడం మా వదిన కనకమ్మకు గిట్టలేదు. పండగకో పబ్బానికో ఇంటికి పోతే నా కంచం వేరుగా పెట్టేది. వాళ్లనీ వీళ్లనీ ముట్టుకుని వచ్చిన దాన్ని గదా అనుకుని నేనూ మారు మాట్లాడేదాన్ని కాదు. ఆరేళ్లలో మేమిద్దరం కూర్చుని మాట్లాడుకున్నది ఏమీ లేదు.

శ్రావణం

చిన్న జ్వరం వచ్చి తగ్గింది. తగ్గింది కదా అని పనిలోకి పోయాను. అరికాళ్లలో చీమలు పాకుతున్నట్టు ఉంది. నిలబడి నిలబడి అలా ఉందేమోలే అనుకున్నాను. పక్షవాతంతో ఒక వైపు పడిపోయిన రైతు ఒకాయన చేజర్ల నుంచి వచ్చి ఉన్నాడు. రోజూ ఆయన కాలు ఎత్తి వంచేది నేనే. ఆ రోజు ఎత్తబోతే కాలు నా చేతుల్లోంచి జారి మంచం మీద పడింది.

"ఏంది రత్నమ్మా, తిండి తినలేదా?" అన్నాడాయన నవ్వుతూ.

మళ్లీ పట్టుకున్నాను. మళ్లీ జారింది. ఈసారి ఆయన నవ్వలేదు.

మర్నాడు తెల్లవారి చాప మీంచి లేవబోతే నడుము కింద ఉన్నది నాది కాదనిపించింది. నాతో పనిచేసే ఎస్తేరమ్మ వింజమూరు పిల్ల. ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్లం. "లెయ్యక్కా, నీళ్లు కాగినాయి" అంటూ వచ్చింది.

"లేవలేకపోతుండా ఎస్తేరూ" అన్నాను.

పరిహాసం అనుకుని చెయ్యి పట్టి లాగింది. నేను గోనెసంచిలాగా పక్కకు ఒరిగిపోయాను. అప్పుడు కేకపెట్టింది.

డాక్టరమ్మ వచ్చి నా మోకాలి కింద చిన్న సుత్తితో తట్టారు. ఆ సుత్తి నాకు తెలుసు. తట్టగానే కాలు ఎగరాలి. ఎగరలేదు. ఆమె ముఖంలో ఏమీ కనబడలేదు. ఆమె ముఖంలో ఏమీ కనబడకపోతే దానికి అర్థం ఏమిటో కూడా నాకు తెలుసు.

"ఇది నరాల జబ్బు రత్నం. కాళ్ల నుంచి పైకి ఎక్కుతుంది. ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఆగినాక మెల్లగా దిగుతుంది" అన్నారు.

"యాడ ఆగుతుంది డాక్టరమ్మా?"

"చూద్దాం" అన్నారు.

ఎక్కింది. నడుము దాటింది. చేతులకు వచ్చింది. గ్లాసు పట్టుకోలేకపోయాను. తర్వాత ముఖం మీద వాలిన ఈగను తోలుకోలేకపోయాను. ఊపిరి చాలుతున్నదో లేదో చూడటానికి డాక్టరమ్మ ఒక పద్ధతి పెట్టారు. ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా బస్సు ఆగే ఊళ్ల పేర్లన్నీ ఒక్క ఊపిరిలో చెప్పమనేవాళ్లు. మొదట్లో సగం దారి దాటేదాన్ని. తర్వాత్తర్వాత ఆత్మకూరు వదిలి రెండు ఊళ్లు పోయేసరికి ఊపిరి అయిపోయేది. ఒక మధ్యాహ్నం ఆత్మకూరు పేరు దగ్గరే ఆగిపోయాను. డాక్టరమ్మ కుర్చీ తెచ్చి నా మంచం పక్కన వేసుకున్నారు. భోజనం అక్కడికే తెప్పించుకున్నారు. నేను చచ్చిపోతానేమో అనుకుంటున్నారని నాకు అర్థమైంది. భయం వేసింది. ఏడవాలనిపించింది. కానీ ఏడ్చేందుకు కూడా ఊపిరి కావాలి.

అన్నకు కబురు పోయింది. కొట్టు మూసి వచ్చాడు. వార్డులోకి చూడవచ్చినవాళ్లను ఎక్కువసేపు రానివ్వరు. వరండాలో రోగుల చుట్టాలు కూర్చునే బెంచీ మీద పొద్దస్తమానం కూర్చునేవాడు. పరాయి చోట పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని మనిషి. చేజర్ల రైతు భార్య అది గమనించి చెంబు నిండా మజ్జిగ తెచ్చి బెంచీ చివర పెట్టి, "మా ఇంటి గేదె పాలయ్యా. తాగితే తాగు, లేకుంటే పారబొయ్యి. కడుపు మాడ్చుకోవద్దు" అని వెళ్లిపోయిందట. అన్న తాగాడు. ఆ సంగతి చాలా రోజుల తర్వాత, అదేదో తన గుట్టు చెబుతున్నట్టు గొంతు తగ్గించి నాకు చెప్పాడు.

ఆ మధ్యాహ్నం దాటాక జబ్బు ఇక ఎక్కలేదు. మర్నాడు రెండు ఊళ్లు ఎక్కువ చెప్పాను. వినాయక చవితి పోయాక ఒక ఉదయం, ఆగకుండా ఉదయగిరి దాకా చేరాను. ఎస్తేరమ్మ చప్పట్లు కొట్టింది. డాక్టరమ్మ తన కుర్చీ తీసేయించారు.

ఆశ్వయుజం

బతికాను. కానీ మెడ కింద ఏదీ నా మాట వినదు. ఇక అసలు పని మొదలవుతుందని నాకు తెలుసు. చచ్చుబడిన కాళ్లను, చేతులను రోజూ వంచి చాచకపోతే అవి కట్టెల్లాగా బిగుసుకుపోతాయి. తర్వాత నరాలకు బలం వచ్చినా కీళ్లు వంగవు. అలా బిగుసుకుపోయాక మా దగ్గరికి తెచ్చినవాళ్లను ఎంతమందినో చూశాను.

అన్న మాత్రం నన్ను ఇంటికి తీసుకుపోతానన్నాడు.

"ఈ చోట ఉండబట్టే దీనికి ఈ జబ్బు అంటుకునింది. నా చెల్లెల్ని నా ఇంట్లో పెట్టుకుంటా" అన్నాడు డాక్టరమ్మతో.

"ఇది అంటుకునే జబ్బు కాదయ్యా. ఇంట్లో రోజూ ఈమెకు కసరత్తు ఎవరు చేయిస్తారు?"

"మా ఇంటిది ఉండాది."

"ఆమె ఒకసారి ఇక్కడికి వచ్చి నేర్చుకుని పోగలదా?"

అన్న నేల చూశాడు. వదిన ఆస్పత్రి గడప తొక్కదని ముగ్గురికీ తెలుసు. చివరికి డాక్టరమ్మ నావైపు తిరిగి, "నీ చేతులు పనిచెయ్యకపోయినా నోరు పనిచేస్తుంది కదా రత్నం. నువ్వే నేర్పించు" అన్నారు.

బస్సులో వెనక సీటు మీద బొంత పరిచి పడుకోబెట్టారు. గతుకు వచ్చినప్పుడల్లా నా చెయ్యి సీటు మీంచి కిందికి వేలాడేది. ఎవరో ముక్కూమొహం తెలియని ముసలామె దాన్ని ఎత్తి నా గుండెల మీద పెట్టేది. దారి పొడుగునా ఆమె చేసిన పని అదే. దిగేటప్పుడు నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

కార్తీకం

వదిన నన్ను నడవ పక్క గదిలో పడుకోబెట్టింది. ఆమెకు ఇద్దరు బిడ్డలు, వంట, కొట్టుకు కావలసిన పనులు. వాటన్నిటి మీద నేను. అన్నం తినిపించాలి, ఒళ్లు తుడవాలి, దొడ్డికి కూర్చోబెట్టాలి. ఆస్పత్రిలో ఈ పనులు ఎందరికో చేశాను. చేయించుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలియదు. వదిన తల పక్కకు తిప్పుకుని చేసేది. నేను కళ్లు మూసుకునేదాన్ని. ఇద్దరం మాట్లాడుకునేవాళ్లం కాదు.

కసరత్తుకు మాత్రం మాట్లాడక తప్పలేదు.

"మడమ కింద ఒక చెయ్యి పెట్టు వదినా. రెండో చెయ్యి మోకాలి మీద. అట్ట కాదు, మెల్లగా. ఇప్పుడు పైకి వంచు."

వదిన బావిలో చేద లాగినట్టు లాగేది. నేను మళ్లీ చెప్పేదాన్ని. కొత్తగా చేరిన ఆయాలకు చెప్పే గొంతుతోనే చెప్పేదాన్నేమో. ఒకరోజు నా కాలిని ధబాలున మంచం మీద వదిలేసింది.

"నేనేమన్నా నీ ఆస్పత్రిలో పనిదాన్ననుకుంటివా? పొద్దున్నుంచీ నడుములు ఇరిగేట్టు చాకిరి చేస్తుండా. అట్ట కాదు, ఇట్ట కాదు అని నాకు పాఠాలు చెప్తుండావా!" అని వెళ్లిపోయింది.

పక్కకు ఒరిగి పడి ఉన్నాను. కాలు మంచం అంచు మీద వంకరగా ఉంది. సర్దుకోలేను. పిలవడానికి మనసొప్పలేదు. వంటింట్లో రోలు చప్పుడు వినబడుతోంది. దొడ్లో ఎండ గోడెక్కి పోయిందాకా అలాగే ఉన్నాను. ఆ పూట నాకు మొదటిసారి చావాలనిపించింది. శ్రావణంలో చావు దగ్గరికి వచ్చినప్పుడు అనిపించలేదు. ఇంట్లో, వంకరగా పడి ఉన్నప్పుడు అనిపించింది. ఇది చదివేవాళ్లలో అలా పడి ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ పూట గడుస్తుందని మాత్రం చెప్పగలను.

వదిన వచ్చింది. నా కాలు సరిచేసింది. మడమ కింద చెయ్యి పెట్టి మెల్లగా వంచింది. చాచింది. మళ్లీ వంచింది.

"నేను ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు," అంది, కాలివైపే చూస్తూ, "మీ అమ్మ నోటికి జడిసి వంటింటి మూల కూచోని ఏడుస్తుంటే నా పక్కన వచ్చి కూచునేది ఎవరు? నువ్వే గదా. నాకు ఈ ఊళ్లో ఇంకెవరుండారు? ఒకనాడు పెట్టె సర్దుకుని పోయినావు. మీ అన్నకు చెప్పినావు. నాకు చెప్పలేదు."

"నువ్వు ఒద్దంటావని..."

"ఒద్దనే అందును. అనాలి గదా."

మైల, అంటు అని నేను ఆరేళ్లుగా అనుకున్న కోపం అడుగున ఉన్నది ఇదా అనుకున్నాను. వదిన కొంగుతో ముఖం తుడుచుకుని రెండో కాలు అందుకుంది.

ఆ తర్వాత చుట్టాలు చూడవచ్చారు. వరసకు పెద్దమ్మ ఒకామె సీతారామపురం నుంచి వచ్చి నా మంచం పక్కన కూర్చుని శోకాలు మొదలుపెట్టింది. "ఎట్టాంటి పిల్ల ఎట్టయిపాయ! మొగుడా లేకపాయ, బిడ్డలా లేకపాయ. దేవుడు తీసకపోయినా బాగుండు" అంటోంది.

వదిన వంటింట్లోంచి పిండిచేతులతో వచ్చింది. "ఏడిసేది ఉంటే అరుగు మీద కూచోని ఏడు పెద్దత్తా. ఇది నేను కసరత్తు చేయించే టయిము" అంది. పెద్దమ్మ నోరు మూసుకుని లేచింది. నాకు నవ్వు ఆగలేదు. వదిన కూడా నవ్వింది. ఆ గదిలో అదే మొదటి నవ్వు.

కార్తీకం చివర్లో ఒక ఉదయం వదిన నా కాలు చాచి మంచం మీద పెట్టి, అలాగే వంగి చూస్తూ ఉండిపోయింది.

"రత్నం, బొటనేలు కదిలించినావా?"

"లేదే."

"మళ్లీ కదిలించు."

నాకేమీ తెలియడం లేదు. కానీ బలమంతా పెట్టి కదలాలని అనుకున్నాను. వదిన "అదో!" అంది. "నేను ముట్టుకోలేదు. నా చేతులు రెండూ ఇక్కడుండాయి చూడు." రెండు చేతులూ పైకెత్తి నాకు చూపించింది. కొట్టులో ఉన్న అన్నను పిలవడానికి చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పరుగెత్తింది.

మాఘం

జబ్బు ఎక్కినంత తొందరగా దిగదు. ఒక వారం కాస్త కదిలితే తర్వాతి వారం ఏమీ జరగదు. ఏమీ జరగని వారాల్లో వదిన నాకంటే దిగులుపడేది. ఆస్పత్రిలో నేను రోగులకు చెప్పే మాటలన్నీ ఆమెకు చెప్పేదాన్ని. వాళ్ల కోసం చెప్పినప్పుడు అవి వట్టి మాటల్లాగా ఉండేవి. ఆమెకు చెబుతుంటే నాకూ నమ్మకం కుదిరేది.

కుడిచెయ్యి ముందు వచ్చింది. కానీ వేళ్లు పూర్తిగా ముడుచుకోవు, చెంచా నిలవదు. ఆస్పత్రిలో అయితే చెంచా కాడకు గుడ్డ చుట్టి ఇస్తామని చెప్పాను. మర్నాడు వదిన మస్తాన్ సాయిబును పిలుచుకొచ్చింది. మా ఊళ్లో కొయ్యతో చెంచాలు, గరిటెలు చేస్తారు. ఆయన ఆ పనిలో పండిన మనిషి. గుమ్మం దగ్గరే నిలబడి, "లోపలికి రావొచ్చునా అమ్మా?" అన్నాడు.

"రా సాయిబూ. చెయ్యి చూడకుండా ఎట్ట చేస్తావు?" అంది వదిన.

ఆయన తడిమట్టి ముద్ద నా అరచేతిలో పెట్టి, నాకు చేతనైనంత పిసకమన్నాడు. నా వేళ్లు ఎంతవరకు ముడుచుకున్నాయో ఆ గుర్తులు మట్టి మీద పడ్డాయి. దాన్ని గుడ్డలో చుట్టుకుని పోయి, ఆ గుర్తులకు సరిపోయే కాడతో చెంచా చేసి తెచ్చాడు. ఆ పూట పెరుగన్నం నా చేత్తో నేను తిన్నాను. సగం ఒళ్లో పడింది. సాయిబు గుమ్మం దగ్గర నిలబడి చూసి, "బిస్మిల్లా అనుకో బిడ్డా, అంతా లోపలికే పోతుంది" అని నవ్వాడు.

ఒక అమావాస్య నాడు కొట్టు మూసి, అన్న దొడ్లో గుంతలు తవ్వి గుంజలు పాతాడు. వాటి మీద రెండు వెదురు గడలు నడుమెత్తున కట్టాడు. మా వార్డులో నడిపించడానికి ఉన్నవి ఇలాంటివే. నేను చెప్పలేదు. ఆత్మకూరులో కూర్చున్న రోజుల్లో కిటికీలోంచి చూశాడట. ఆ గడల మధ్య వదిన నా నడుము పట్టుకుని నిలబెట్టింది. మోకాళ్లు గడగడ వణికాయి. రెండు అడుగులు వేశాక ఇద్దరం కలిసి కింద పడ్డాం. నా కింద వదిన. దెబ్బ తగిలిందేమో అని నేను బెదిరిపోతే, ఆమె మట్టిలో పడుకునే, "ఎంత బరువుండావే! ఇన్నాళ్లూ నేను పెట్టిన కూడంతా యాడికి పోలేదు" అంది.

చైత్రం

ఉగాదికి చేతికర్రతో వీధి చివరిదాకా నడిచాను. ఎడమచేతి వేళ్లు మాత్రం అంతగా రాలేదు. ఇప్పటికీ రాలేదు. పండగ భోజనాలయ్యాక, ఆత్మకూరు పోతానని అన్నతో చెప్పాను.

"ఎందుకు? జబ్బు చాలలేదా? ఒక్క చేత్తో నువ్వేం చేస్తావు? ఇంట్లో ఉండు. నిన్ను నేను సాకలేనా?" అన్నాడు.

నేను వదినవైపు చూడలేదు. ఉండిపొమ్మని ఆమె అంటే ఈసారి కాదనలేనని నాకు తెలుసు. ఆమె ఆకులు ఎత్తుతూ, "పోనియ్యి" అంది.

"నువ్వేగదే ఒద్దంటివి, అప్పట్లో!"

"అప్పుడు నాతో చెప్పలేదు. ఇప్పుడు నా ముందర అడిగింది." ఆకులు తీసుకుని దొడ్లోకి పోతూ, "నేనే తీసకపోయి దిగబెట్టి వస్తా" అంది.

బస్సు దిగి ఆస్పత్రిలోకి పోయాం. ఎస్తేరమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. డాక్టరమ్మ నా మోకాళ్లు వంచి చూశారు. చీలమండలు, భుజాలు, మోచేతులు చూశారు. ఎక్కడా బిగుసుకోలేదు. "ఎవరు చేయించారు?" అని అడిగారు. వదిన అప్పటికి గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని, ఏదీ తగలకుండా కొంగు దగ్గరికి తీసుకుని నిలబడి ఉంది. "ఆమె" అన్నాను. డాక్టరమ్మ ఆమెకు నమస్కారం చేశారు. వదిన ఏం చేయాలో తెలియక తల వంచుకుంది.

ఆ వారమే వచ్చిన ఆడమనిషి ఒకామె కిటికీ పక్క మంచంలో ఉంది. కాన్పు తర్వాత రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. తోడు ఎవరూ లేరు. పొద్దు బాగా ఎక్కింది, కసరత్తు ఇంకా కాలేదు. ఎస్తేరమ్మ అవతల ఒక ముసలాయనను నడిపిస్తోంది. నేను కర్ర గోడకు ఆనించి ఆమె మంచం మీద కూర్చున్నాను. కుడిచెయ్యి మడమ కింద పెట్టాను. ఎడమచెయ్యి మోకాలిని పట్టలేకపోయింది. ఎలా పట్టుకుంటే కుదురుతుందా అని చూస్తున్నాను.

వదిన వచ్చి పక్కన నిలబడింది.

"జరుగు" అంది.

నేను జరిగాను. ఆమె కొంగు నడుముకు దోపుకుని మంచం అంచున కూర్చుంది. ఒక చెయ్యి మడమ కింద, ఒక చెయ్యి మోకాలి మీద. మెల్లగా వంచింది. నేను ఒక్క మాట కూడా చెప్పలేదు.

ఆ మనిషి వదిన ముఖంలోకి చూసింది. "కొత్తగా వచ్చినారా అమ్మా పనికి?"

"కాదు. నేను ఈ పిల్ల వదినను" అంది వదిన. "నీ పేరేంది? బిడ్డ యాడుండాది? పాలెవరు పడుతుండారు?"

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఊరు, అత్తగారు, బిడ్డకు ఇంకా పేరు పెట్టలేదని. చెబుతూ చెబుతూ ఏడ్చింది. వదిన ఊకొడుతూ వంచడం, చాచడం ఆపలేదు.

అయ్యాక లేచి నిలబడి, "బావి యాడుండాది?" అని నన్ను అడిగింది. "తలకు పోసుకోకుండా ఇంటికెట్ట పోయేది?"

చూపించాను. స్నానం చేసి, తడిజుట్టు ముడి వేసుకుని సాయంత్రం బస్సెక్కింది. నేను రోడ్డు పక్కన కర్ర మీద ఆనుకుని నిలబడ్డాను. జాగ్రత్తలు చెబుతుందనుకున్నాను. బస్సు కదిలేముందు కిటికీలోంచి తల బయట పెట్టింది.

"ఆమెకు నేను ఒక కాలే చేసినా. రెండోది నువ్వు చెయ్యాల, మరిచిపోయేవు" అంది.

నేను లోపలికి పోయి ఎస్తేరమ్మను పిలిచాను. తను మోకాలి మీద చెయ్యి వేసింది, నేను మడమ కింద వేశాను. ఇద్దరం కలిసి ఆ మనిషి రెండో కాలు వంచాం.